కొత్త బ్యాటరీ వేశాక కూడా సెల్ఫ్ తీసుకోని మా మారుతి 800

మాది 2003 మారుతి 800. నాన్న కొన్న బండి, ఇప్పుడు నేను వాడుతున్నాను. కాకినాడలో సముద్రపు గాలి తగిలే వీధిలోనే ఇన్నేళ్లూ నిలబడింది. పోయిన వర్షాకాలం నుంచి పొద్దున్నే కీ తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజన్ తిరగడం లేదు. మెకానిక్ చూసి "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు. కొత్తది వేయించాం. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ అదే టకటక.

సెల్ఫ్ మోటార్ మార్చాలని ఈసారి ఇంకొకరు చెప్పారు. డబ్బు పెట్టే ముందు అసలు కరెంటు ఎక్కడ ఆగిపోతోందో చూడాలనిపించి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒకటి కొన్నాను.

బండి ఆపి రాత్రంతా వదిలేశాక పొద్దున చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. అంటే నిండుగా ఉన్నట్టే. అయితే లోడ్ లేనప్పుడు (ఏదీ కరెంటు లాగనప్పుడు) వచ్చే ఈ అంకెను బట్టి ఏదీ తేల్చలేం. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తమ్ముణ్ణి కీ తిప్పమన్నాను. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఆ క్షణంలో వోల్టేజీ 9కో అంతకన్నా కిందికో పడిపోవాలి. మా దాంట్లో 12 దగ్గరే నిలబడింది! బ్యాటరీలో శక్తి ఉంది, మోటార్‌కు అందడం లేదు.

పాజిటివ్ వైపు, బ్యాటరీ నుంచి మోటార్ దాకా కొలిస్తే తేడా ఏమీ లేదు. తర్వాత మీటర్ ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద ఆనించి మళ్లీ కీ తిప్పించాను. అక్కడ 0.2 వోల్టులు దాటకూడదు. ముల్లు లేని మీటర్ కాబట్టి అంకెలు ఎగిరెగిరి పడ్డాయి కానీ, 4 వోల్టుల పైనే. ఎర్తింగ్‌లోనే, అంటే కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే తేడా ఉందని అర్థమైంది. క్లచ్ కేబుల్ ముట్టుకుంటే వెచ్చగా ఉంది. సరైన దారి లేక కరెంటు ఆ కేబుల్ మీదుగా తిరిగి వస్తోందన్నమాట. అలాగే వదిలేస్తే కేబుల్ కాలిపోవచ్చు కూడా.

ఒక్కో జాయింటూ కొలుచుకుంటూ పోతే గేర్‌బాక్స్‌కు బిగించిన ఎర్త్ కేబుల్ చివర దొరికింది. పైకి బోల్టు గట్టిగానే ఉంది, కింద మాత్రం తుప్పు, రాగి తీగల మీద పచ్చగా చిలుము. ఇలాంటి వైరును మీటర్ కంటిన్యుటీలో (వైరు తెగిందో లేదో చూసే సెట్టింగ్‌లో) పెట్టి చూస్తే "బీప్" అంటూ బాగానే ఉన్నట్టు చెబుతుంది. నాలుగు పోగులు మిగిలినా ఆ చిన్న పరీక్షకు చాలు. సెల్ఫ్ మోటార్‌కు మాత్రం వంద ఆంపియర్లకు పైన కావాలి. ఓమ్‌లో వందో వంతు అడ్డు తగిలినా ఒక వోల్టు అక్కడే పోతుంది. అందుకే కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. ఈ పరీక్ష పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పేశాను (బిగించేటప్పుడు అదే ఆఖరున). కేబుల్ కొత్తది వేసి, గేర్‌బాక్స్ మీద ఆ చోటు ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించాక పైన వాజిలిన్ పూశాను. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. తమ్ముడు లోపలి నుంచి "అన్నయ్యా, స్టార్ట్ అయిపోయింది!" అని అరిచాడు.

మీటర్ చేతిలో ఉంది కదా అని, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే డైనమో కూడా చూశాను. మామూలుగా 14.2 ఇస్తోంది కానీ లైట్లు, బ్లోయర్ వేయగానే 13కి దిగి, బెల్టు కీచుమంటోంది. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరుకు మించి లోపలికి పోతోంది. అడ్జస్టర్ బోల్టు వదులు చేసి, డైనమోను బయటికి లాగి బిగిస్తే కీచుమనడం ఆగింది, వోల్టేజీ లైట్లతో కూడా 13.9 దగ్గర నిలిచింది. బెల్టు అంచుల్లో సన్నటి పగుళ్లు కనిపించాయి కాబట్టి అది మార్చాలి. వాటర్ పంపు తిరిగేది కూడా ఆ బెల్టు మీదే, తెగితే ఇంజన్ వేడెక్కిపోతుంది. కొత్తది తెచ్చి పెట్టాను, ఈ ఆదివారం వేస్తాను.