మీ పొదల మాటున లేడు గదమ్మ

కోవూరులో మా అవ్వ ఇంటి పెరట్లో, బావి పక్కన ఏడు గుండుమల్లె పొదలు ఉండేవి. అన్నీ తాత నాటినవే. నాకు పదేళ్లప్పుడు, మల్లెలు విరగబూసే వైశాఖంలోనే తాత పోయారు. పదకొండు రోజులు మొగ్గ కోసే చెయ్యి లేక, పూసిన పువ్వు పూసినట్టే పాదుల్లో రాలి వాడిపోయింది. పన్నెండో రోజు చుట్టాలు వెళ్లిపోయాక, సందెవేళ అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తూ, ఆ పొదలతో అన్నట్టుగా మెల్లగా ఈ పద్యం చదివింది.

నల్లనివాడు పద్మనయనంబులవాడు కృపారసంబు పై
జల్లెడువాడు మౌళిపరిసర్పిత పింఛమువాడు నవ్వు రా
జిల్లెడు మోమువాడొకడు చెల్వల మానధనంబు దెచ్చెనో
మల్లియలార! మీ పొదల మాటున లేడు గదమ్మ చెప్పరే!

బడిలో నేను అప్పటికే దాన్ని కంఠస్థం చేసి ఉన్నాను. కృష్ణుడు ఎలా ఉంటాడో చెప్పే పద్యమనుకున్నాను. అవ్వ గొంతులో విన్నాక అది ఒక ప్రశ్న అని తెలిసింది.

పోతన భాగవతం దశమ స్కంధంలోది ఇది. గోపికలతో ఆడుతూ ఆడుతూ కృష్ణుడు కనబడకుండా పోయాడు. గోపికలు అడవిలో పడి చెట్టు చెట్టునూ అడుగుతున్నారు. ‘పున్నాగ! కానవే పున్నాగవందితు, దిలకంబ! కానవే తిలకనిటలు’ అని ఒక సీసపద్యంలో వరసగా పిలుస్తారు. పున్నాగమంటే పొన్నచెట్టు, పురుషశ్రేష్ఠుడు కూడా. చెట్టును పేరు పెట్టి పిలిస్తే ఆ పేరులోనే ఆయన వినబడతాడు. అంతగా తలుచుకునే వారికి చెట్ల పేర్లు వేరే ఎక్కడ మిగులుతాయి?

మల్లెల దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుతుంది. సంస్కృత మూలంలోనూ మాలతిని, మల్లికను, జాజిని అడిగారు. మాధవుడు చేతితో తాకి మీకు సంతోషం కలిగించి ఇటు వెళ్లాడా అన్నది అక్కడి ప్రశ్న. పోతన దాన్ని ‘మీ పొదల మాటున’ అని ఇంకా దగ్గరికి తెచ్చాడు. వెళ్లిపోలేదు, ఇక్కడే ఎక్కడో మాటున ఉన్నాడనే ఆశ అది. పైగా ‘గదమ్మ’ అంటాడు. దుఃఖంలో ఉన్న ఆడది ఇరుగింటి ఆడదాన్ని పిలిచే పిలుపు. ఆ ఒక్క ‘అమ్మ’తో పొద కూడా బంధువైపోయింది.

‘ఒకడు’ అన్న మాట కూడా చూడండి. పేరు చెప్పరు. తప్పిపోయిన మనిషి ఆనవాళ్లు చెప్పినట్టు రంగు, కళ్లు, తలమీది నెమలి పింఛం, నవ్వు చెబుతారు. అవ్వ కూడా తాత పేరు ఎన్నడూ పలికింది కాదు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్న మాట ‘లేడు’. మన భాషలో అది ఎంత బరువైన మాటో చావు చూసిన ఇల్లే చెబుతుంది. ఆ పదకొండు రోజులూ గడపలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ ‘ఆయన ఇక లేరు’ అన్నారు. పద్యంలోనూ ఆ మాటే ఉంది, కాని ‘గదమ్మ చెప్పరే’ పక్కన చేరేసరికి దాని తలుపు కొంచెం తెరుచుకుంది. లేడని తేల్చడం లేదు, అడుగుతున్నారు. భగవంతుణ్ణి మరచినప్పుడు కలిగే పరమవ్యాకులతే భక్తి అని చెప్పిన నారదుడు, దానికి వ్రజగోపికలనే ఉదాహరణగా చూపింది అందుకే అనుకుంటాను.

పోయిందేమిటని అడిగితే ‘మానధనం’ అంటారు. ఆయన మాయమవడానికి కారణం ఆ మానమే, తమంతటి వారు లేరన్న గర్వమే అని భాగవతం చెబుతుంది. తరువాత ఆయనే తిరిగి వచ్చి ఒక మాట అంటాడు: పేదవాడు దొరికిన ధనాన్ని పోగొట్టుకుంటే ఇక దాన్నే తలుస్తూ మరొకటి ఎరగడు, మీరూ అలా ఉండాలనే దాగాను అని. చిన్నప్పుడు ఈ జవాబు నాకు కఠినంగా తోచింది. ఇప్పుడూ పూర్తిగా మెత్తబడలేదు. కాని అవ్వను చూసినదాన్ని కనుక కాదనలేను.

ఆ వేసవి తరువాత అవ్వ తలలో పువ్వు పెట్టుకోలేదు. ఆచారం అలా ఉంది, నా మనసు దానికి ఈనాటికీ ఒప్పుకోదు. పూలు కట్టడం మాత్రం మానలేదు. శుక్రవారం రాత్రి అరటినారతో దండ కట్టి తడిగుడ్డలో చుట్టేది. శనివారం పొద్దున నన్ను వెంటబెట్టుకొని బస్సులో పెన్న వంతెన దాటి, నెల్లూరు రంగనాయకుల గుడికి వెళ్లేది. శేషుడి మీద పడుకున్న ఆ స్వామీ నల్లనివాడే. గుడి వెనక పెన్న. ఆ ఎండల్లో ఏటినిండా ఇసుకే. తాత అస్థికలు కలిపిన రోజున పాయ దూరంగా ఉందని, మా మామయ్య ఇసుకలో చెలమ తీసి చేతులు కడుక్కోవడానికి నీళ్లు చూపించాడు. గోపికలూ వెతికి వెతికి చివరికి యమున ఇసుకతిన్నెల మీదికే తిరిగి వచ్చారు. అక్కడే కూర్చుని పాడారు. అక్కడికే ఆయన వచ్చాడు.

పద్యం ‘నల్ల’తో మొదలై ప్రాస పట్టుకుని నడిచి చివరి పాదంలో ‘మల్లె’ దగ్గర ఆగుతుంది. నల్లనివాడి కోసం బయలుదేరిన మాట తెల్లని పువ్వును చేరింది. ఇది నాకు చాలా ఏళ్ల తరువాత, పూలు కోస్తుండగా తట్టింది.

అవ్వ కూడా వెళ్లిపోయింది. ఆమె పెరటి కొమ్మ ఒకటి తెచ్చి మా ఇంట్లో నాటాను. మల్లెమొగ్గలు పైకి అన్నీ కనబడవు, ఆకుల కింద కొన్ని దాక్కుంటాయి. ‘కొమ్మ పైకెత్తి చూడు పాపా’ అనేది అవ్వ. నిన్న సందెవేళ ఇక లేవనుకుని గిన్నె తీసుకుని వెనుదిరిగి, మళ్లీ వెళ్లి కొమ్మ ఎత్తాను. నాలుగు మొగ్గలు ఉన్నాయి.