బెల్‌గ్రేడ్ పతకం వెంట

సోవియట్ యూనియన్ 1945 జూన్ 9న నెలకొల్పిన యుద్ధ పతకాలలో "బెల్‌గ్రేడ్ విముక్తికి" అన్నది ఒకటి. 32 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న ఇత్తడి బిళ్ల అది. ముఖం మీద నగరం పేరు, వెనకవైపు జర్మన్ల చేతి నుంచి ఆ నగరం విడుదలైన 1944 అక్టోబర్ 20 అన్న తేదీ, పైన నడుమ నల్లని చార ఉన్న ఆకుపచ్చ రిబ్బన్ ఉంటాయి. దీనిని సుమారు 70,000 మందికి ఇచ్చారు. కోటిన్నర మందికి దగ్గరగా అందిన "జర్మనీపై విజయానికి" పతకం పక్కన పెడితే ఇది చాలా తక్కువ సంఖ్య. నా సేకరణలో సోవియట్ అరనూ యుగోస్లావ్ అరనూ కలిపే వస్తువు ఇదొక్కటే కావడం వల్ల, దాని మీద పేరున్న ఊరిని కళ్లారా చూడాలని చాలాకాలంగా అనుకుంటూ, చివరకు ఒక అక్టోబర్ నెలలో, ఒకప్పటి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌కు బయలుదేరాను.

మా తరం తెలుగువారికి సోవియట్ వస్తువంటే మొదట గుర్తుకు వచ్చేది పుస్తకమే. మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర పుస్తకశాలల్లో అతి చౌకగా దొరికిన ఆ పుస్తకాలతోపాటు లెనిన్ బొమ్మ ఉన్న చిన్న బ్యాడ్జీలు కూడా మా చేతికి వచ్చేవి. బ్యాడ్జీల మీది ఇష్టం పతకాల మీదికి మళ్లడానికి నాకు ఎంతోకాలం పట్టలేదు. అయితే దానిని పట్టుదలగా చదివే స్థాయికి తెచ్చింది మాత్రం ఒక భారతీయ సమాచారం. రెండో ప్రపంచయుద్ధంలో ఇరాన్ మీదుగా సోవియట్ సైన్యానికి సరుకులు చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లోని సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్ అనే ఇద్దరికి 1944లో ఆర్డర్ ఆఫ్ ది రెడ్ స్టార్ అనే, పతకం కంటే పై మెట్టు సోవియట్ పురస్కారం లభించింది. ఆ సంగతి తెలిసిన తరువాత ఆ ఎర్రని నక్షత్రాన్ని అందమైన వస్తువుగా మాత్రమే చూసి ఊరుకోవడం నాకు సాధ్యపడలేదు.

ఈ అభిరుచి ఉన్నవాడు మాస్కోకు గదా వెళ్లాలి అని మిత్రులు అడిగారు. మ్యూజియంలు చూడడానికైతే వెళ్లవచ్చు. కొనడానికి మాత్రం వెళ్లరాదు, ఎందుకంటే రష్యా శిక్షాస్మృతి 324వ అధికరణం కింద సోవియట్ ప్రభుత్వ పురస్కారాలను అమ్మడమూ కొనడమూ నేరం. ఆ నిషేధంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. ముసలి సైనికుల ఇళ్లలో నుంచి పతకాలు దొంగతనంగా బయటికి పోయిన కాలాన్ని చూసిన దేశమది. మాజీ యుగోస్లావియా పరిస్థితి వేరు. అక్కడ ఆ దేశమే లేకుండా పోయింది, దాని పతకాలు మాత్రం సంతల్లో మిగిలాయి.

బెల్‌గ్రేడ్‌లో సావా నది డాన్యూబ్‌లో కలిసే చోట గుట్ట మీద కలెమెగ్దాన్ కోట ఉంది. క్నెజ్ మిహాయిలోవా వీధి గుండా నడిచి కోట ఉద్యానవనంలోకి అడుగుపెడితే, దారి పక్కన బల్లలు వేసుకుని పాత నాణేలు, బ్యాడ్జీలు, టోపీలు అమ్మేవారు కనిపిస్తారు. ప్రతి బల్ల మీదా తప్పనిసరిగా ఉండేది 1993 నాటి 50,000 కోట్ల దినార్ల నోటు. కవి యొవాన్ యొవానోవిచ్ జ్మాయ్ బొమ్మ ఉన్న ఆ నోటును పర్యాటకులు సరదాగా కొంటారు. ఆ ఏడాది ద్రవ్యోల్బణంలో జీతాలూ పింఛన్లూ ఎలా కరిగిపోయాయో తెలిసినవారికి, అదే బల్ల మీద తాతల పతకాలు ఎందుకు ఉన్నాయో వేరే చెప్పనవసరం లేదు.

యుగోస్లావ్ పురస్కారాలను చేతిలోకి తీసుకోగానే తిప్పి వెనకవైపు చూడాలి. దీనికొక చరిత్ర ఉంది. తరువాత యుగోస్లావియా అధినేత అయిన టిటో నాయకత్వంలోని గెరిల్లా యోధులు, అంటే పార్టిజాన్లు, ఇంకా కొండల్లో పోరాడుతూ ఉండగానే, 1943 ఆగస్టు 15న, జాతీయ వీరుడు, పార్టిజాన్ నక్షత్రం, జాతీయ విముక్తి, సోదరత్వం-ఐక్యత, సాహసం అనే పురస్కారాలను నెలకొల్పారు. వాటి నమూనాల రూపకల్పనలో చిత్రకారుడు జోర్జె ఆంద్రెయెవిచ్ కున్, శిల్పి అంతున్ అవుగుస్తించిచ్ పాలుపంచుకున్నారు. వాటిని పోతపోయడానికి స్వదేశంలో టంకశాల లేదు. అందువల్ల తొలి విడత ఆర్డర్లు మాస్కోలో తయారయ్యాయి. వాటి వెనక రష్యన్ లిపిలో టంకశాల అన్న ముద్ర, దాని కింద క్రమసంఖ్య, బట్టకు బిగించడానికి మర, గుండ్రని నట్టు ఉంటాయి. ముఖం వైపు చూస్తే యుగోస్లావ్ ఆర్డర్, వెనక్కి తిప్పితే అచ్చంగా సోవియట్ ఆర్డర్. యుద్ధానంతరం తయారీ అప్పటి యుగోస్లావ్ నగరం, నేటి క్రొయేషియా రాజధాని అయిన జాగ్రెబ్‌కు మారింది. 1948లో స్టాలిన్ టిటోల మధ్య తెగతెంపులు జరిగాక మాస్కో నుంచి తెప్పించుకునే మాటే లేదు. ఒకే పార్టిజాన్ నక్షత్రం మాస్కో పనితనంలోనూ జాగ్రెబ్ పనితనంలోనూ దొరుకుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన రోజున ఆ తెగతెంపులు నాకు పాఠ్యపుస్తకాలకంటే స్పష్టంగా అర్థమయ్యాయి.

కోట దారిలో ఒక పెద్దాయన బల్ల మీద ఆర్డర్ ఆఫ్ ది రెడ్ స్టార్ ఒకటి కనిపించింది. వెండి నక్షత్రం, దాని కిరణాల మీద ముదురు ఎరుపు ఎనామిల్, మధ్యలో తుపాకి పట్టుకున్న సైనికుడి బొమ్మ. అడిగి చేతిలోకి తీసుకుని, కంసాలి బంగారాన్ని ఒరపిడి రాయి మీద గీసి చూసినంత శ్రద్ధగా పరీక్షించాను. కొలిమిలో కాల్చిన ఎనామిల్ గాజులా ఉంటుంది. భూతద్దం కింద దాని లోతు కనబడుతుంది, పెచ్చు లేచిన చోట అంచు గాజు పగిలినట్లే పదునుగా ఉంటుంది. తరువాత ఎవరో రంగు జిగురుతో పూడ్చిన భాగం ఆ లోతు లేకుండా చదునుగా కనిపించి, అతినీలలోహిత దీపం పడగానే వేరే రంగులో వెలుగుతుంది. నా చేతిలోని నక్షత్రానికి రెండు కిరణాలు అలాగే వెలిగాయి. ఆ సంగతి చూపించగానే పెద్దాయన దీపం తన చేతిలోకి తీసుకుని తానే పరిశీలించి, బల్ల మీద ఉన్న మిగతావన్నీ ఒక్కొక్కటిగా నాతో కలిసి చూశారు. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న రష్యన్ మాటలు కొన్నే అయినా, ఆ పూట సంభాషణకు ఏ లోటూ రాలేదు. "బెల్‌గ్రేడ్ విముక్తికి" పతకం ప్రదాన పత్రంతో సహా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. ఆ పతకం పొందినవారు ఎర్రసైనికులు. యుద్ధం ముగిశాక ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయారు. పత్రాలు కూడా వారితోనే వెళ్లాయి.

ఆ పత్రం కోసం ఎందుకంత పట్టుదల అంటే, ఈ పతకం మీద క్రమసంఖ్య ఉండదు. రెడ్ స్టార్ వంటి ఆర్డర్‌కు వెనక ఉన్న సంఖ్య పట్టుకుని, అదృష్టం బాగుంటే, గ్రహీత పేరు దాకా వెళ్లవచ్చు. మాస్కో దగ్గరి పొడోల్స్క్‌లోని రక్షణశాఖ కేంద్ర దస్తావేజుశాల అందుకు ఆధారం. నగరాల పేర్లతో ఇచ్చిన పతకాలకు ఆ సౌకర్యం లేదు. మడతపెట్టిన చిన్న అట్టమీద పేరు, సంతకం, ముద్ర ఉన్న పత్రం ఒక్కటే ఆ ఇత్తడి బిళ్లను ఒక మనిషికి కట్టి ఉంచుతుంది. ఆ కాగితాన్ని విడదీసి వేరుగా అమ్మేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పెచ్చులూడిన ఎనామిల్‌ను ఎవరైనా బాగుచేయగలరు. పోయిన పేరును తిరిగి రప్పించడం ఎవరి తరమూ కాదు.

కోటలోని సైనిక మ్యూజియం 1878లో స్థాపితమైనది. బయట కందకంలో వరుసగా నిలిపిన టాంకులూ, లోపల 1999లో కూలిన అమెరికన్ విమానం ముక్కలూ చూసి త్వరగానే బయటికి వచ్చాను. నాకు కావలసినది దెదిన్యె గుట్ట మీద ఉన్న యుగోస్లావియా మ్యూజియంలో ఉంది. టిటో సమాధి ఉన్న పూల ఇల్లు ఈ ప్రాంగణంలోనిదే. ఏటా ఆయన పుట్టినరోజు కోసం దేశమంతా చేతులు మార్చుకుంటూ తెచ్చిన రిలే కర్రలు వేల సంఖ్యలో ఆ మ్యూజియం భద్రపరిచింది. టిటోకు సోవియట్ యూనియన్ ఇచ్చిన పురస్కారాలను తేదీల వరుసలో పెట్టి చూడాలని పాఠకులను కోరుతున్నాను. 1944లో సువోరోవ్ ఆర్డర్, 1945 సెప్టెంబర్‌లో విక్టరీ ఆర్డర్, ఆ తరువాత ఇరవై ఏడేళ్లకు 1972లో లెనిన్ ఆర్డర్, 1977లో అక్టోబర్ విప్లవ ఆర్డర్. ఇందులో విక్టరీ ఆర్డర్ మొత్తం 20 సార్లే ప్రదానమైంది. సోవియట్ నేత బ్రెజ్నెవ్‌కు ఇచ్చినదానిని 1989లో రద్దు చేశారు కూడా. 1945కూ 1972కూ నడుమ ఉన్న ఖాళీలోనే నెహ్రూతో, ఈజిప్టు నేత నాసర్‌తో స్నేహమూ, 1961లో ఇదే బెల్‌గ్రేడ్‌లో జరిగిన తొలి అలీన సదస్సూ ఇమిడి ఉన్నాయి. అలీనోద్యమం మాట వింటూ పెరిగిన భారతీయుడిగా ఆ ఖాళీ దగ్గర నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

మరునాడు రూజ్వెల్ట్ వీధిలోని విమోచకుల శ్మశానవాటికకు వెళ్లాను. 1944 అక్టోబర్ పోరాటంలో నేలకొరిగిన పార్టిజాన్లనూ ఎర్రసైనికులనూ ఒకేచోట ఖననం చేసి, 1954లో దీనిని తీర్చిదిద్దారు. టోల్బుఖిన్ ఆధ్వర్యంలోని సోవియట్ సేన మూడవ ఉక్రెయిన్ ఫ్రంట్, పెకో దాప్చెవిచ్ నడిపిన పార్టిజాన్ దళాలు కలిసి వీధి వీధికీ పోరాడి ఈ నగరాన్ని గెలిచాయి. సోవియట్ పక్షాన నగరంలోకి చొచ్చుకొచ్చినది జనరల్ వ్లదీమిర్ జ్దానోవ్ నాయకత్వంలోని నాలుగవ గార్డ్స్ మెకనైజ్డ్ కోర్. సమాధి ఫలకాల మీది పేర్లు చదువుతూ, నా దగ్గరున్న పతకం వీరిలో ఎవరిదీ కాదు గదా అని తట్టింది. ఇక్కడ పడుకున్నవారు ఆ పతకం పుట్టక ముందే చనిపోయారు. అది బతికి బయటపడినవారి రొమ్ము మీదికి వెళ్లింది.

నగరానికి దక్షిణాన ఉన్న అవాలా కొండకు ప్రయాణం దీనికి కొనసాగింపే. విముక్తి ఇరవయ్యవ వార్షికోత్సవానికి సోవియట్ ప్రతినిధివర్గాన్ని తెస్తున్న ఇల్యూషిన్ విమానం 1964 అక్టోబర్ 19న పొగమంచులో ఈ కొండను ఢీకొంది. మార్షల్ బిర్యుజోవ్ అందులోనే మరణించారు. ఏ నగరాన్ని గెలిచి పేరు పొందారో ఆ నగరపు పొలిమేరలోనే, వేడుకకు ఒక్కరోజు ముందు, జనరల్ జ్దానోవ్ కూడా పోయారు. ఇద్దరూ యుగోస్లావియా జాతీయ వీరులే. చెట్ల నడుమ ఉన్న స్మారకం దగ్గర ఆ మధ్యాహ్నం నేను తప్ప ఎవరూ లేరు. శిఖరం మీద ఇవాన్ మెష్త్రోవిచ్ కట్టిన అజ్ఞాత వీరుడి స్మారకానికి మాత్రం బడిపిల్లలు బస్సుల్లో వచ్చారు.

బెల్‌గ్రేడ్ నుంచి బస్సులో జాగ్రెబ్ చేరాను. సరిహద్దులో గంటకు పైగా ఆపారు. జాగ్రెబ్‌లో ఆదివారం ఉదయం బ్రిటాన్స్కి చౌకులో పాతవస్తువుల సంత జరుగుతుంది. యుద్ధానంతర యుగోస్లావ్ ఆర్డర్లు తయారైన ఊరు కాబట్టి, ఇక్కడ అవి పెట్టెలతో సహా, ఐకామ్ కార్ఖానా గుర్తుతో, చాలా మంచి స్థితిలో దొరుకుతాయి. ఒక మహిళ బల్ల మీద శ్రమ ఆర్డర్ ఒకటి ఉంది. వందలూ వేలూగా కార్మికులకు ఇచ్చిన ఈ ఆర్డర్ మూడవ తరగతికి సేకరణకారులు పెద్దగా విలువ కట్టరు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. ఒక కార్మికుడి జీవితంలో బహుశా అంతకంటే గొప్ప రోజు లేదు. పెట్టె పక్కనే విడిగా పెట్టిన కాగితాల కట్టలో దాని ప్రదాన పత్రం కోసం వెతికాను. అక్కడి పత్రాలను గుర్తించడానికి ఒక తేలిక ఆనవాలు ఉంది: దేశ చిహ్నంలో ఐదు దివిటీలు ఉంటే 1963కు ముందుది, ఆరు ఉంటే ఆ తరువాతది. ఆ ఆర్డర్ వచ్చిన కుటుంబం నుంచే ఈ పత్రమూ వచ్చిందని ఆవిడ ఒక కాగితం తీసి చూపించారు. చిహ్నంలో ఆరు దివిటీలు ఉన్నాయి. ఆర్డర్ పేరూ తరగతీ సరిపోయాయి. రెండింటినీ కలిపే కొన్నాను. అందులోని పేరును ఇక్కడ రాయడం సబబు కాదు. నా దస్త్రంలో మాత్రం ఉంటుంది, పత్రమూ పతకమూ ఒకే పెట్టెలో ఉంటాయి.

బెల్‌గ్రేడ్ పతకానికి జతగా కావలసిన పత్రం ఈ ప్రయాణంలో దొరకలేదు, ఇకముందు దొరుకుతుందన్న ఆశ కూడా పెద్దగా లేదు. దాని బదులు ఇప్పుడు వేరే పని మొదలుపెట్టాను. సోవియట్ సైనికుల పురస్కార సిఫారసు పత్రాలు లక్షల సంఖ్యలో 2010 నుంచి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఎవరు, ఏ రోజున, ఏ వీధి మలుపులో ఏం చేశారో దళాధిపతి సంతకంతో ఉంటుంది. జ్దానోవ్ దళానికి చెందిన 1944 అక్టోబర్, నవంబర్ నెలల సిఫారసులను నాకు తెలిసిన కాస్త రష్యన్‌తో, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటిగా చదువుతున్నాను. చదివినవాటిని బెల్‌గ్రేడ్ పటం మీద గుర్తు పెట్టుకుంటున్నాను. వాటిలో కొన్ని వీధులు నేను నడిచినవే.