ట్రైటన్ ఒరిగే తీరు

జూలై, ఆదివారం.

పొద్దున్నుంచీ పడమటి గాలి. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే నేరుగా మొహానికి కొడుతోంది, కానీ నిలకడ లేదు. ఖైరతాబాద్ వైపు భవనాల సందుల్లోంచి వచ్చే గాలి హుస్సేన్ సాగర్ మీద ముక్కలు ముక్కలుగా పడుతుంది. నీళ్లు నల్లబడిన చోట గాలి ఉంది, మెరుస్తున్న చోట లేదు. ఆ నల్ల మచ్చ చేరగానే లేజర్, అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, ఒక్కసారిగా ఒరుగుతుంది, నడిపే కుర్రాడు వెనక్కి వాలి దాన్ని నిలబెడతాడు. లేజర్ హల్ (పడవ డొల్ల) బరువు 59 కిలోలే. అది పడకుండా ఆపేది ఆ కుర్రాడి ఒంటి బరువు.

మధ్యాహ్నం పియర్సన్ ట్రైటన్ అనే తెరచాప పడవ డ్రాయింగులు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆ తేడానే మనసులో మెదిలింది. కార్ల్ ఆల్‌బర్గ్ గీసిన పడవ, 1959లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఫైబర్‌గ్లాస్‌లో కుటుంబాల కోసం వరుసగా అచ్చుపోసిన తొలి క్రూజింగ్ (దూర విహారానికి వాడే) పడవల్లో ఒకటి. ఇందులో మనిషి ఏ వైపు కూర్చున్నా పెద్ద తేడా రాదు. మొత్తం బరువు సుమారు 3,140 కిలోలు, అందులో దాదాపు 1,370 కిలోలు అడుగున ఉన్న సీసమే. అంటే నూటికి దాదాపు 44 పాళ్లు.

పాత ఫైబర్‌గ్లాస్ పడవ కొనాలనుకునేవాళ్లు అది ఒరగడం చూసి భయపడతారు, డెక్‌ని (నడిచే పై తలాన్ని) చూసి మాత్రం భయపడరు. నా లెక్కలో ఇది ఉల్టాగా ఉండాలి.

ముందు ఒరగడం సంగతి. ట్రైటన్ పొడవు 28 అడుగుల 6 అంగుళాలు, కానీ నిలకడగా ఉన్నప్పుడు నీటిలో ఉండేది 20 అడుగుల 6 అంగుళాలే. మిగిలిన 8 అడుగులు ముందూ వెనకా గాల్లోనే ఉంటాయి. అదే లేజర్ 4.23 మీటర్ల పొడవులో 3.81 మీటర్లు నీటిలోనే. ఆల్‌బర్గ్ ఇలా గీయడానికి అందం ఒక్కటే కారణం కాదు. ఆనాటి అమెరికా క్రూజింగ్ క్లబ్ పందెపు నియమాలు నీటి గీత పొడవుని (నీటిలో ఉండే పొడవుని) బట్టి పడవ వేగాన్ని అంచనా కట్టి వెసులుబాటు ఇచ్చేవి. నిలబెట్టి కొలిచినప్పుడు నీటి గీత చిన్నదిగా ఉంటే నియమం కనికరిస్తుంది. గాలిలో ఒరిగినప్పుడు ఆ వేలాడే భాగాలు నీటిలోకి దిగి గీత పొడవవుతుంది. బరువైన హల్‌కి గరిష్ఠ వేగం, నాట్లలో (గంటకి ఇన్ని నాటికల్ మైళ్లని), నీటి గీత అడుగుల వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వస్తుంది. 20.5 అడుగులకి 6.07 నాట్లు, గంటకు 11 కిలోమీటర్ల పైచిలుకు. ఒరిగి 24 అడుగులైందనుకుంటే 6.56. అర నాటు తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ రాత్రీ పగలూ సాగితే రోజుకి పన్నెండు నాటికల్ మైళ్లు.

వెడల్పు 8 అడుగుల 3 అంగుళాలు మాత్రమే, అడుగు గుండ్రం. అందుకే మొదటి 15 డిగ్రీలు చప్పున ఒరుగుతుంది, కొత్తగా ఎక్కినవాళ్లు కంగారుపడేది అక్కడే. వెడల్పైన పడవ తన ఆకారంతోనే మొదట గట్టిగా నిలబడుతుంది, ఒక హద్దు దాటాక ఆ బలం జారిపోతుంది. ఇక్కడ సీసం పని మొదలయ్యేదే ఒరిగాక. 20 డిగ్రీల దగ్గర గట్టిపడి, అక్కడే కుదురుగా పరిగెడుతుంది. 25 దాటితే మాత్రం లాభం లేదు. పక్కకి జారడం పెరుగుతుంది, చుక్కాని పట్టు తగ్గుతుంది.

ట్రైటన్‌కి అసలు చిక్కు వెదర్ హెల్మ్, అంటే గాలి పెరిగేకొద్దీ ముక్కుని గాలివైపు తిప్పుకోవాలని చూడడం. ఒరిగినప్పుడు తెరచాప బలం పడవ మీద నుంచి బయటికి జరుగుతుంది, ఆ దూరమే ముక్కుని తిప్పుతుంది. దానికి తోడు ఈ పడవ బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర) పొడుగు, పెద్ద తెరచాప సాగిపోయి ఉంటే దాని పొట్ట వెనక్కి జరిగి లాగుడు ఇంకా ఎక్కువవుతుంది. దిద్దడానికి టిల్లర్‌ని (చుక్కాని తిప్పే కర్రని) అయిదారు డిగ్రీలకి మించి పట్టి ఉంచాల్సి వస్తే చుక్కాని బ్రేకులా పడవని ఆపుతోందన్నమాట. నేనైతే మొదట హాల్‌యార్డ్ (తెరచాపని పైకి లాగే తాడు), అవుట్‌హాల్ (దాని అడుగు అంచుని బూమ్ చివరికి లాగే తాడు) బిగించి తెరచాపని చదును చేస్తాను. ఆపైన ట్రావెలర్‌ని (బూమ్ తాడుని పక్కలకి జరిపే బిగింపుని) గాలి పోయే వైపుకి దించాలి. గాలి 15 నాట్లకి చేరుతుంటే పెద్ద తెరచాపకి మొదటి రీఫ్, అంటే కొంత మడిచి కట్టడం. ముక్కువైపు తెరచాప కుదించడం కాదు, పెద్దదే. చాలామంది ఇక్కడ తిరగేస్తారు, ముక్కువైపు బలం తగ్గి ముక్కు ఇంకా తిరుగుతుంది.

కీల్ (అడుగున దిగి ఉండే నిలువు భాగం) పొడుగ్గా ఉంటుంది, చుక్కాని దానికే వెనక అతుక్కుని ఉంటుంది. గీత తప్పకుండా నడుస్తుంది, కానీ టాక్ వేసేటప్పుడు (ముక్కుని గాలి దాటించి రెండో వైపుకి తిరిగేటప్పుడు) టిల్లర్‌ని ఒక్కసారి తోసెయ్యకూడదు. వేగం చచ్చిపోయి గాలికి ఎదురుగా ఆగిపోతుంది. మెల్లగా మొదలుపెట్టి, ముక్కు గాలిని దాటాకే పూర్తిగా తిప్పాలి. ఇంజన్ మీద వెనక్కి నడిపితే మాట వినదు, రేవులో అది గుర్తుంచుకుంటే చాలు.

ఇక డెక్. హల్ అప్పట్లో మందంగా, గట్టి ఫైబర్‌గ్లాస్‌తో పోసేవారు, ఇన్నేళ్లయినా అది పెద్దగా అలిసిపోదు. డెక్ మాత్రం రెండు పలుచని పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్క. క్లీట్లు (తాళ్లు కట్టే కొక్కేలు), స్టాంచన్లు (అంచు కంచె గుంజలు) బిగించిన ప్రతి బోల్టు రంధ్రం నీళ్లకి దారి. సీలెంట్ ఎండిపోయాక నీళ్లు లోపలికి దిగి బాల్సాని మెత్తటి ముద్ద చేస్తాయి, పైన మాత్రం ఏమీ కనపడదు. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో అంగుళం అంగుళం తట్టాలి, సంతలో కుండని తట్టి చూసినట్టు. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగితే చెక్క పోయింది.

మాస్ట్ (తెరచాప స్తంభం) డెక్ మీదే నిలబడుతుంది, కింద అడ్డంగా ఒక చెక్క దూలం దాన్ని మోస్తుంది. అది కుళ్లితే మాస్ట్ అడుగున డెక్ గుంటపడుతుంది, కింది తలుపు బిగుసుకుంటుంది, మాస్ట్‌ని పట్టి ఉంచే ఇనుప తాళ్లు ఎంత బిగించినా వదులవుతూనే ఉంటాయి. ఈ మూడూ కలిసి కనిపిస్తే ధర గురించి మాట్లాడకముందే దూలం మార్చే ఖర్చు లెక్కేసుకోవాలి. చెయిన్‌ప్లేట్ల (ఆ తాళ్లు పడవకి బిగించే లోహపు పలకల) దగ్గర తడిసిన ప్లైవుడ్ కూడా ఇదే జాతి రోగం.

బోల్టు రంధ్రం బాగు చేయడం సులువే. 6 మి.మీ. బోల్టుకి పై పొర నుంచి 12 మి.మీ. రంధ్రం చేసి, చుట్టూ తడి లేదని చూసుకుని, చిక్కబరిచిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) నింపి, గట్టిపడ్డాక మళ్లీ 6 మి.మీ. వేయాలి. ఇక నీళ్లకి చెక్క తగలదు. చెక్క విస్తారంగా పోతే పై పొర కోసి తీసి, కుళ్లింది గీకి, బాగా ఎండబెట్టి, కొత్త బాల్సా ఎపాక్సీతో అతికించాలి. అంచుల్ని పొర మందానికి 12 రెట్ల వెడల్పున వాలుగా అరగదీస్తేనే అతుకు నిలుస్తుంది.

మన ఊళ్లో ట్యాంకులు, బొమ్మలు పోసే ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) షెడ్లలో పాలిస్టర్ రెసిన్, కోబాల్ట్ (గట్టిపడడాన్ని వేగం చేసేది), హార్డెనర్, చాప్డ్ మ్యాట్ (గాజు నార ముక్కల చాప) ఇస్తారు. ఈ పనికి అవి సరిపోవు. మ్యాట్‌ని పట్టి ఉంచే బంక సాధారణంగా పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావణికే కరుగుతుంది, ఎపాక్సీకి కాదు. మ్యాట్ తడవకుండా బిరుసుగా నిలుచుంటుంది. నేసిన క్లాత్ గానీ, కుట్టిన బయాక్సియల్ (రెండు దిశల నారల గుడ్డ) గానీ అడగాలి. ఎవరైనా పాలిస్టరే వాడతానంటే ఒక్కటి చెప్పాలి: కోబాల్ట్‌ని, హార్డెనర్‌ని నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది.

ఇలాంటి వానాకాలపు తేమలో చాలా ఎపాక్సీలు గట్టిపడ్డాక పైన జిడ్డు పొర వదులుతాయి. ఇసుక కాగితం పట్టకముందే దాన్ని నీళ్లూ గరుకు ప్యాడ్‌తో కడిగేయాలి. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకే దిగి, మీద వేసిన పొర కొన్నాళ్లకి పెచ్చులుగా లేస్తుంది.