దళమైన, పుష్పమైన

ఉదయం ఐదున్నరకు పెరటి తలుపు తీయగానే పారిజాతం వాసన తగులుతుంది. రాత్రంతా పూసి, వెలుతురు రాకముందే రాలిపోయే చెట్టది. మా ఆవిడ రాత్రి పడుకునే ముందే దాని కింద ఉతికిన పాత పంచె ఒకటి పరిచి వస్తుంది. తెల్లారేసరికి పంచె నిండా తెల్లటి రెక్కలు, కాషాయం రంగు కాడలు. నేల రాలిన పూలు పూజకు పనికిరావని మా అమ్మ చెప్పేది. పారిజాతానికి మాత్రం ఆ నియమం లేదు, రాలినవే ఏరి పెట్టాలి, కొమ్మ మీద చెయ్యి వేయకూడదు అని కూడా ఆమే చెప్పింది. రిటైరైన ఈ ఎనిమిదేళ్లలో, పారిజాతం పూసే కాలంలో ఊళ్లో ఉన్నన్ని రోజులూ నా పొద్దు ఈ పూలు ఏరడంతోనే మొదలవుతోంది. ఏరుతున్నంతసేపూ నోట్లో ఒకే పద్యం ఆడుతుంటుంది.

దళమైనఁ బుష్పమైనను
ఫలమైనను సలిలమైనఁ బాయని భక్తిం
గొలిచిన జను లర్పించిన
నెలమిన్ రుచిరాన్నముగనె యేను భుజింతున్

పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు కుచేలుడితో అన్న మాట ఇది. గీత తొమ్మిదో అధ్యాయంలోని ‘పత్రం పుష్పం ఫలం తోయం’ శ్లోకమూ ఈ మాటే చెబుతుంది. ఆ శ్లోకంలో ‘అశ్నామి’ అన్న మాట దగ్గర నేను చాలాకాలం ఆగలేదు. స్వీకరిస్తాను అనే అనుకుంటూ చదివాను. అశ్నామి అంటే తింటాను. పండు తింటాడు సరే, ఆకునూ పువ్వునూ కూడా తింటానంటున్నాడు. పోతన గారు దానికి ఇంకో మాట చేర్చారు, ‘రుచిరాన్నముగనె’ అని. కమ్మటి అన్నం తిన్నట్టే తింటాడట. ‘ఎలమిన్’ అంటే సంతోషంతో. ఆకలిగా ఇంటికి వచ్చిన పిల్లవాడు అమ్మ కలిపిన ముద్ద తిన్నట్టు నాకు కనిపిస్తుంది.

ముప్పై నాలుగేళ్లు ట్రెజరీ ఆఫీసులో పనిచేశాను. బిల్లు చేతికి రాగానే ముందు చూసేది ఎంత అని, తర్వాత ఏ పద్దు కింద అని, ఆ తర్వాత సంతకం. అందుకేనేమో, ఈ పద్యంలో ‘ఎంత’ అన్న మాటే లేదని ఒకరోజు గమనించినప్పుడు పూలు ఏరడం ఆపి అక్కడే కూర్చుండిపోయాను. ఒక దళం, ఒక పువ్వు, ఒక పండు, కాసిని నీళ్లు. లెక్కంతా ‘పాయని’ అన్న ఒక్క మాట మీదే ఉంది. విడిచిపెట్టని భక్తి కావాలి, ఇవాళ ఉండి రేపు పోయేది కాదు.

ఈ మాట కృష్ణుడు ఎప్పుడన్నాడో చూస్తే ఇంకా బాగుంటుంది. ‘నాకోసం ఏం తెచ్చావు’ అని అడిగి, జవాబు రాకముందే ఈ పద్యం చెప్పాడు. కుచేలుడి కొంగున అటుకులు ఉన్నాయి. సంస్కృత మూలంలోనైతే అవి ఆయన ఇల్లాలు ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన నాలుగు గుప్పెళ్లు. ద్వారక మేడలు, రుక్మిణీదేవి వింజామర చూశాక ఆ ముడి విప్పడానికి ఆయనకు మనసు రాలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు. కృష్ణుడే ముడి విప్పి, ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, నన్నూ ఈ లోకాలన్నిటినీ తృప్తి పరచడానికి ఇవి చాలన్నాడు. రెండో గుప్పెడు తీసుకోబోతే అమ్మవారు చెయ్యి పట్టుకుంది. దాచుకున్నదాన్ని అడిగి మరీ తీసుకున్న దేవుడు ఆయన.

పోయిన ఏడాది చలికాలంలో మేమిద్దరం హనుమకొండ నుంచి బమ్మెర వెళ్లి వచ్చాం. పాలకుర్తి దగ్గర చిన్న ఊరు. పోతన గారు అక్కడ పొలం దున్నుకుని బతికారని పెద్దలు చెప్పుకుంటారు. ఆయన సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాం. తిరిగి వస్తుంటే దారి పక్క పొలంలో ఒకాయన కూరగాయలు కోస్తున్నాడు. మా ఆవిడ నాలుగు బీరకాయలు అడిగి తీసుకుంది. డబ్బులు ఇవ్వబోతే ‘నాలుగు కాయలకు పైసలేంది అమ్మా’ అన్నాడాయన. బస్సులో ఆ కాయలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నాకు మా నాయిన గుర్తొచ్చాడు.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి మహబూబాబాద్‌లో అద్దె ఇంట్లో ఉన్న రోజులవి. నాయిన ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. గుడ్డ సంచి నిండా బీరకాయలు, పచ్చి పల్లీలు, నాలుగు మక్క కంకులు. ఆ రోజు ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాను. సంచి చూసి, ‘ఇవన్నీ ఇక్కడ దొరుకుతయి కదా నాయినా, ఎందుకు మోసుకొచ్చినవ్’ అన్నాను. ఆయన సంచిని గోడ పక్కకు జరిపి, ‘దొరుకుతయి బిడ్డా. మన తీగకు కాసినయి గదా అని తెచ్చిన’ అన్నాడు. ఇంకేం అనలేదు. సాయంత్రం మా ఆవిడ ఆ బీరకాయలే వండింది. నాయిన తిన్నాడు, నేనూ తిన్నాను. రుచి ఎలా ఉందో ఒక్క మాట కూడా చెప్పలేదు నేను. నాయిన పోయి ఇరవై రెండేళ్లవుతోంది. ఆ ఒక్క వాక్యం మాత్రం ఈ పద్యం చదివిన ప్రతిసారీ నాకు వినిపిస్తుంది.

బెంగళూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్లేటప్పుడు పెరటి గోంగూర, కరివేపాకు తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్తాం. మొన్న శ్రావణంలో వెళ్లినప్పుడు గేటు దాకా వచ్చాక ఒక్క క్షణం ఆగాను. అక్కడ అన్నీ ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తాయి. ఈ కట్ట ఎందుకని అనిపించింది. లోపలికి వెళ్లి సంచి సోఫా వెనక పెట్టాను. మా అమ్మాయి మంచినీళ్లిచ్చి, ‘నాన్నా, గోంగూర తేలేదా’ అని తనే వెతికి తీసింది. అక్కడే కింద కూర్చుని ఆకు తుంచుతూ కబుర్లు మొదలుపెట్టింది. రాత్రి పప్పులో అదే వేసింది. మనవడు పులుపని మొహం పెట్టి కూడా మళ్లీ వడ్డించమన్నాడు.

ఇప్పుడు భాద్రపదం చివరికొచ్చింది. పెత్రమాస రేపే. రేపటి నుంచే బతుకమ్మ కూడా మొదలు కనుక మా ఆవిడ గునుగు పూల కోసం నాలుగు ఇళ్లు తిరిగి వచ్చింది. పెద్దల పేరున అయ్యగారికి స్వయంపాకం ఇవ్వాలి. బియ్యం, పప్పు, నెయ్యి, చింతపండు అన్నీ సర్దాం. కూరగాయలు బజారు నుంచి తెద్దామని ఆవిడ అంటే వద్దన్నాను. గోడ మీదికి పాకిన బీర తీగకు మూడు కాయలు దిగి ఉన్నాయి. ఒకటి కొంచెం వంకర. పొద్దున్నే పారిజాతాలు ఏరాక వాటిని కోసి, కడిగి, నాయిన పేరు చెప్పి పళ్లెంలో పెడతాను.