విషముష్టి చెట్ల మిట్ట మీది బడి

ఇరవై రెండేళ్ళుగా నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. కంబోడియా వెళ్దామనగానే ఇంట్లో అందరూ అంకోర్ వాట్ అన్నారు. నేను మాత్రం రాజధాని నాంపెన్‌కు కనీసం మూడు రోజులు కావాలని పట్టుబట్టాను. 1970లలో ఆ దేశాన్ని పాలించిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అక్కడ ఒక హైస్కూలును జైలుగా మార్చిందనీ, దాన్ని నడిపినవాడు ఒకప్పుడు లెక్కల మాస్టారేననీ చదివినప్పటి నుంచి ఆ బడి నా మనసులోంచి పోలేదు.

తోడుగా మా తమ్ముడు వచ్చాడు. వీసా పని తేలికే. ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకున్నాం, విమానం ఎక్కే ముందు ఈ-అరైవల్ ఫారం నింపాం. టెన్షన్ పెట్టింది డాలర్లే. అక్కడ రోజువారీ ఖర్చులకు కూడా అమెరికన్ డాలర్లు నడుస్తాయి గానీ, నోటు అంచు కాస్త చిరిగినా తీసుకోరు. ఇక్కడ మార్చుకున్న వాటిలో రెండు నోట్లు అలాగే మిగిలిపోయాయి. మీరు మార్చుకునేటప్పుడు ఒక్కో నోటూ వెలుతురులో పెట్టి చూసుకోండి.

మొదటి రోజు పొద్దున్నే ఆ బడికే, అంటే ఇప్పుడు మ్యూజియంగా ఉన్న తువోల్ స్లెంగ్‌కు వెళ్ళాం. తువోల్ అంటే మిట్ట. స్లెంగ్ అంటే మన పల్లెల్లో విషముష్టి అంటామే, ఆ చెట్టు. అక్కడివాళ్ళు మాట్లాడే ఖ్మేర్ భాషలో హైస్కూలును ‘విత్యాలయ్’ అంటారు, మన విద్యాలయం అన్నమాటే. లోపల మూడంతస్తుల భవనాలు, పొడవాటి వరండాలు, మధ్యలో ఆటస్థలం. ఏ ఊళ్ళోనైనా కనిపించే బడిలాగే ఉంది. టికెట్‌తో పాటు ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి, అది లేకపోతే చాలా గదులు ఖాళీ గదుల్లాగే కనిపిస్తాయి.

మొదటి భవనంలో ఒక్కో గదిలో ఒక్కో ఇనుప మంచం. 1979 జనవరిలో ఖ్మేర్ రూజ్‌ను కూలదోసిన వియత్నాం సేనలు వచ్చినప్పుడు ఈ మంచాల మీద శవాలున్నాయి. ఆ ఫోటోలు గోడకు ఉన్నాయి. నేను మాత్రం చాలాసేపు కిందికే చూస్తూ ఉండిపోయాను. పసుపు, తెలుపు గళ్ళ టైల్స్. పిల్లలు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచి అరగదీసిన గచ్చు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇంకో భవనంలో తరగతి గదుల మధ్య గోడలు పగలగొట్టి దారులు చేశారు. లోపల ఇటుకలతో కట్టిన చిన్న చిన్న కొట్లు. ఒక దాంట్లో నిలబడి చేతులు చాపబోతే రెండు పక్కలా గోడ తగిలింది. వరండాలకు ముళ్ళకంచె వేశారు, ఖైదీలు పైనుంచి దూకి చచ్చిపోకుండా. చావు కూడా వాళ్ళ చేతిలో ఉండకూడదట. ఆటస్థలంలో పిల్లలు వ్యాయామం చేసే కొయ్య స్తంభాలకు మనుషుల్ని వేలాడదీశారు. ఇక్కడికి తెచ్చింది 12 వేల మందికి పైగా. బతికి బయటపడ్డవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

నాకు కాళ్ళు ఆడనిది ఆ కాగితాల దగ్గర. జైలు అధికారి డుచ్, అదే ఆ లెక్కల మాస్టారు, ఖైదీల చేత చిత్రహింసలతో రాయించిన ‘ఒప్పుకోళ్ళ’ను చదివి పక్కన ఎర్ర సిరాతో దిద్దేవాడు. ఇది సరిపోలేదు, మళ్ళీ రాయించండి అన్నట్టు. జవాబు పత్రాలు దిద్దే చేయి అది. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే ఎర్ర పెన్ను గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

‘అక్కా, ఇంక చాల్లే, బయటికి పోదాం పద’ అన్నాడు తమ్ముడు. కానీ ఫోటోల గది మిగిలింది. లోపలికి తేగానే ప్రతి మనిషికీ ఫోటో తీసేవారు. మా తొమ్మిదో తరగతి ఈడు పిల్లలవి కూడా ఉన్నాయి. వాళ్ళందరి ముఖాలూ చూడకుండా రావడం నాకు తప్పనిపించింది. గంట పట్టింది.

మర్నాడు ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని చోయెంగ్ ఎక్ వెళ్ళాం. ఆ జైలు నుంచి లారీల్లో తీసుకెళ్ళి చంపి పూడ్చిన చోటు అది. మే నెలాఖరు, ముందురోజు రాత్రి వాన పడింది. నడిచే దారి పక్కన మట్టిలోంచి నీలం గుడ్డముక్క ఒకటి పైకి తేలింది. వానలకు ఇప్పటికీ బట్టలు, ఎముకలు పైకి వస్తుంటాయి. స్తూపం అద్దాల వెనక వేల పుర్రెలున్నాయి. కొందరు అక్కడ సెల్ఫీలు తీసుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చిన్న పిల్లల్ని కూడా తీసుకెళ్ళవద్దనే చెబుతాను.

తిరిగొచ్చేటప్పుడు టుక్‌టుక్ నడిపే పెద్దాయన, నేను టీచర్నని తెలిసి బండి వేగం తగ్గించాడు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ వాళ్ళు నగరం మొత్తాన్ని ఖాళీ చేయించినప్పుడు ఆయనకు ఏడేళ్ళట. మూడు రోజుల్లో తిరిగి రావచ్చన్నారట. ‘మూడేళ్ళ ఎనిమిది నెలల ఇరవై రోజులు’ అన్నాడు. అక్కడి పెద్దవాళ్ళు ఖ్మేర్ రూజ్ పాలనాకాలాన్ని అలా రోజులతో సహా చెబుతారు. చదువుకున్నవాళ్ళని తెలిస్తే చంపేవారు కాబట్టి, వాళ్ళ నాన్న తన కళ్ళజోడును పొలంలో పాతిపెట్టాడట. ఆయన కూడా టీచరే. తిరిగి రాలేదు.

ఆ మధ్యాహ్నం రాజభవనం చూడాలని ముందే అనుకున్నాం, వెళ్ళలేకపోయాం. తోన్లే సాప్ నది మెకాంగ్‌లో కలిసే చోట గట్టు మీద చీకటి పడేదాకా కూర్చున్నాం. వెళ్ళేవాళ్ళెవరైనా ఆ పూటకు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి.