డేరాలోని తెల్లని ముఖం

నా చిన్నతనంలో విశాఖపట్నానికి సర్కసు వచ్చిందంటే, ఏనుగుల కంటే ముందు నా కళ్ళు బఫూను కోసమే వెతికేవి. సముద్రపు గాలికి డేరా గుడ్డ టపటపలాడుతుండగా, ఉయ్యాల మీది ఆటగాళ్ళు గాలిలో ఎగురుతుంటే ఊపిరి బిగబట్టిన మమ్మల్ని మళ్ళీ తేలికపరచేవాడు అతడే. అతడూ ఉయ్యాల ఎక్కి, పట్టు తప్పినట్టు నటించి వలలో పడేవాడు. అంత నేర్పుగా పడాలంటే ముందు పడకుండా ఉండడం క్షుణ్ణంగా తెలిసి ఉండాలని ఇంటికి నడుస్తూ నాన్నగారు చెప్పారు.

ఆ తెల్లరంగు ముఖానికి లండన్ రంగస్థలంపై పేరు తెచ్చినవాడు జోసెఫ్ గ్రిమాల్డి (1778–1837) అని తరువాత చదివాను. అయినా బఫూను నాకెన్నడూ పరాయివాడు కాలేదు. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుమ దూరి నవ్వించే కేతిగాడు, జుట్టుపోలిగాడు అతని దాయాదులే కదా.

ఒక రాత్రి ఆట ముగిశాక, డేరా వెనుక బకెట్టు నీళ్ళతో రంగు కడుక్కుంటున్న అతణ్ణి చూశాను. మా తాతయ్య వయసు మనిషి. తడి చేతితో నా తల నిమిరి, వచ్చీరాని తెలుగులో "అన్నం తిన్నావా బాబూ?" అని అడిగాడు. సర్కసు నడిపిన మన కోడి రామమూర్తి నాయుడు విగ్రహం ముందు నుంచి బీచి రోడ్డులో వెళ్ళినప్పుడల్లా, ఆ చేతి చల్లదనం నాకు గుర్తుకు వస్తుంది.