హార్సిలీహిల్స్ ఎక్కిన ఆదివారం

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లం కొందరం వారాంతాల్లో కలిసి సైకిళ్లు తొక్కుతుంటాం. మామూలుగా నంది కొండ వైపే పోతాం. దగ్గర కాబట్టి తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం. ఈసారి మన వైపు కొండ ఒకటి ఎక్కాలని అందరికీ మనసైంది. మాలో మదనపల్లెలో చదువుకున్న అన్న ఒకాయన ఉన్నారు. ఆయన అడిగిందే తడవుగా డిసెంబరు చలిలో హార్సిలీహిల్స్ ఖాయమైంది.

శనివారం మధ్యాహ్నం సైకిళ్లను కార్ల వెనక ర్యాక్‌లకు కట్టుకుని చింతామణి మీదుగా మదనపల్లె చేరాం. సాయంత్రం అన్న మమ్మల్ని తను చదివిన బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీకి తీసుకెళ్లారు. ఠాగూర్ 1919లో ఇక్కడికి వచ్చినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. ఆ కాలేజీ ఆవరణలో నిలబడి ఈ సంగతులు చెబుతున్నప్పుడు అన్న గొంతులో ఎంత గర్వమో! ఇంకాసేపు ఉండాలనిపించింది కానీ పొద్దున్నే లేవాలి. టైర్లలో గాలి, బ్రేకులు, లైట్లు చూసుకుని తొందరగా పడుకున్నాం.

ఆరు గంటలకు బయల్దేరేసరికి మంచు బాగా కురుస్తోంది. వెనక ఎర్ర లైట్లు వెలిగించుకుని ఒకరి వెనక ఒకరం అంగళ్లు అనే ఊరి వైపు సాగాం. టమోటా క్రేట్లు వేసుకున్న వ్యాన్లు మా పక్కనుంచి పోతున్నాయి. మదనపల్లె టమోటా మార్కెట్‌కు దేశమంతా పేరుంది. ఆ ఊరి వాళ్లకు తెల్లవారడమంటే ఈ వ్యాన్ల చప్పుడే అంటారు అన్న. టీ కోసం ఆగిన చోట ఒక పెద్దాయన మా హెల్మెట్ల వంక చూసి, "యాడికి పోతా ఉండారు నాయినా, ఇంత చలిలో?" అని అడిగాడు. కొండకని చెబితే, "గట్టు పైకా? సైకిళ్లలోనా? మెల్లగా పోండి. అది యాడికీ పోదులే" అన్నాడు. ఘాట్‌లో ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

కాండ్లమడుగు క్రాస్ దగ్గర మెయిన్ రోడ్డు వదిలి కొండదారి పట్టాలి. అక్కడి నుంచి పైకి సుమారు 9 కిలోమీటర్లు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటే, కొండ మీద 1,250 మీటర్లు దాటుతుంది. క్రాస్ దగ్గర అన్న అందరినీ ఆపి, ఎవరి వేగంతో వాళ్లు ఎక్కాలని, ముందువాళ్లను చూసి ఎవరూ తొందరపడొద్దని గట్టిగా చెప్పారు. గుంపులో అందరికంటే బాగా తొక్కేది ఆయనే. అయినా స్వీప్‌గా చివర్న వస్తానన్నారు. స్వీప్ అంటే తన వెనక ఎవరినీ మిగలనివ్వకుండా వచ్చే మనిషి. చాలా గుంపుల్లో ఆ పని కొత్తవాళ్లకో, ఆ రోజు ఒంట్లో బాగాలేని వాళ్లకో అంటగడతారు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. పంక్చర్ వేయడం, ఎదుటి మనిషి ముఖం చూసి నీరసమా, భయమా కనిపెట్టడం వచ్చినవాళ్లే చివర్న ఉండాలి.

మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు బాగానే ఆడాయి. తర్వాత మలుపులు దగ్గరపడ్డాయి, మాటలు ఆగిపోయాయి. నా సైకిల్‌కు పెడల్ దగ్గరి చిన్న పళ్లచక్రం 34 పళ్లు, వెనక టైరు దగ్గరి పెద్ద పళ్లచక్రం కూడా 34 పళ్లే. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే టైరు కూడా ఒకే చుట్టు, సుమారు 2 మీటర్లు. నిమిషానికి 70 చుట్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్ల లోపే. ఈ లెక్కన ఆగకుండా తొక్కినా ఘాట్ గంట పని. లెక్క తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. పైన ఏముందో, ఇంకెంతుందో అని తల ఎత్తి చూడటం మానేసి పెడల్ చుట్టు మీదే ధ్యాస పెట్టాను. హెల్మెట్ పట్టీ చివర చెమట చుక్క ఊగి ఊగి హ్యాండిల్ మధ్యలో పడుతోంది, అది ఆరకముందే ఇంకోటి. అంత చలిలోనూ జాకెట్ విప్పి నడుముకు కట్టుకోవాల్సి వచ్చింది.

సగం దాటాక ఒక హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు బాగా నిటారుగా ఉంది. ఎదురుగా బండి రాకపోతే కొంచెం బయటి వైపు నుంచి తిప్పుకోవడం నయం, అక్కడ ఎత్తు తక్కువ. నేను మలుపు తిరిగి ఊపిరి తీసుకోవడానికి ఆగాను. కిందనుంచి మా గుంపులో అందరికంటే చిన్నమ్మాయి వస్తోంది. ఆమెది బరువైన హైబ్రిడ్ సైకిల్, కొండ ఎక్కడం ఇదే మొదలు. హ్యాండిల్‌ను ఎంత గట్టిగా పట్టుకుందంటే వేలి కణుపులు తెల్లబడిపోయాయి. ముందు చక్రం రోడ్డు మీద ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగుతోంది. పక్కనే వస్తున్న అన్న, "చేతులు వదులు చెయ్యమ్మా. కొండ ఎక్కేది కాళ్లు, భుజాలు కాదు" అన్నారు. ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. భుజాలు దిగాయి, చక్రం నిలకడకొచ్చింది. "అన్నా, ఇంకెంత దూరం?" అంది. "నీ ముందున్న తెల్లగీత దాకా" అన్నారాయన. ఆ గీత దాటాక ఇంకో గీత చూపించారు. అలా గీత గీతకూ ఆమెను ముందుకు తీసుకొస్తుంటే, నేను మళ్లీ వాళ్ల ముందు కదిలాను. రోజంతటిలో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే.

పైకి వెళ్లేకొద్దీ గాలి మారింది. యూకలిప్టస్ వాసన ముక్కుకు తగలగానే కొండ దగ్గరపడిందని తెలిసిపోయింది. అందరికంటే చివర అన్న, ఆ అమ్మాయి చేరేసరికి మిగతావాళ్లం రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాం. ఆమె సైకిల్ దిగి కళ్లు తుడుచుకుంది. "ఒక్కసారి కూడా దిగి నడవలేదు" అని రెండుసార్లు చెప్పింది.

ఈ కొండకు పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని, ఆమె ఇక్కడి చెంచుల రోగాలు నయం చేసేదని కథ. పైన ఆమె గుడి ఉంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా మదనపల్లె కడప కిందే ఉండేది. అందుకే కడప కలెక్టరు హార్సిలీ ఈ చల్లదనం చూసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కొండకు ఆయన పేరే నిలిచింది. నాకు మాత్రం మల్లమ్మ పేరే ఇష్టం. గాలిబండ మీద కూర్చుని బొరుగులు, చెనిక్కాయల చిక్కీ పంచుకుని తిన్నాం. అక్కడి గాలి పేరుకు తగ్గట్టే ఉంది. ఆరిన చెమట మీద అది తగులుతుంటే వణుకు పుట్టి మళ్లీ జాకెట్లు తొడుక్కున్నాం.

దిగేటప్పుడు ఎక్కేటప్పటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆదివారం పదయ్యేసరికి టూరిస్టుల కార్లు పైకి రావడం మొదలవుతాయి. ఒకే బ్రేకు మీద ఆధారపడి, దాన్ని అలా పట్టుకునే దిగితే, రిమ్‌ను పట్టే బ్రేకులైతే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలిపోవచ్చు. పట్టడం, వదలడం, రెండు బ్రేకులూ మార్చి మార్చి వాడటం చేయాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఈసారి అన్నను ముందు ఉంచి, ఆయన్ను ఎవరూ దాటకూడదని మాట అనుకున్నాం. అందరం క్షేమంగా కాండ్లమడుగు క్రాస్ చేరాం.

మదనపల్లెలో రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి కడుపారా తిన్నాం. భోజనం దగ్గరే రెండు నిర్ణయాలు జరిగాయి. ఇకనుంచి కొండ రైడ్‌లలో మెల్లగా ఎక్కేవాళ్లు ముందు బయల్దేరుతారు, వేగంగా ఎక్కేవాళ్లు పావుగంట ఆగి కదులుతారు. అప్పుడు పైన ఎవరూ ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు, దారిలో అందరూ అందరికీ కనిపిస్తారు. రెండోది, స్వీప్ పని వంతులవారీగా అందరం నేర్చుకోవాలి. మొదటి వంతు నేను అడిగి తీసుకున్నాను.